ముడి జారిందా, దారం తెగిందా? బ్రెయిడ్‌కీ లీడర్‌కీ నమ్మదగ్గ ముడులు

విభాగం: గాలం సామాను › దారాలు, ముడులు

పాశర్లపూడి_పిల్లోడు
అందరికీ నమస్కారమండి. గోదావరి వైనతేయ పాయలో పోటు నీళ్ళ మీద పండుగొప్ప చేపకి వేస్తున్న సరంజామా ఇదీ: 20 పౌండ్ల బరువు ఆగే బ్రెయిడ్ (పోగులు అల్లిన దారం), దాని కొసన గాలం వైపు లీడర్‌గా మీటరు పొడుగు 40 పౌండ్ల మోనో (ఒంటిపోగు నైలాన్), 3/0 సైజు గాలం, బతికున్న రొయ్య ఎర. బ్రెయిడ్‌కీ లీడర్‌కీ మధ్య స్వివెల్ (దారం మెలిపడకుండా తిరిగే లోహపు కీలు). అన్ని చోట్లా ఇంప్రూవ్డ్ క్లించ్ ముడే, 5 చుట్లు. పెద్ద చేప పడి గట్టిగా గుంజిందంటే స్వివెల్, లీడర్, గాలం అన్నీ కలిసి పోతున్నాయి. కొట్లో అడిగితే 40 పౌండ్ల బ్రెయిడ్ వేసుకోమంటున్నారు. దారం మార్చాలా, ముడి మార్చాలా?

గౌతమి_గట్టు
డబ్బు పెట్టకముందు తమ్ముడూ, రీల్ వైపు మిగిలిన కొస ఎలా ఉందో చూసి చెప్పు. ఎక్కడ పోయిందో ఆ కొసే చెబుతుంది.

మోనో అయితే చాలా తేలిక. కొస పంది తోకలా మెలికలు తిరిగి వస్తే ముడి జారిపోయిందని. మెలిక లేకుండా చివర పొట్టిగా, తెల్లబారి, పీలికలా ఉంటే ముడి నొక్కుకున్న చోట తెగిందని. అంటే ముడి జారలేదు కానీ దారాన్ని అదే కోసింది. చివరి జానెడు, మూరెడు గరుగ్గా చేతికి తగులుతూ ఉంటే ముడికీ దానికీ సంబంధం లేదు, గుల్లకో స్తంభానికో చేప దవడకో రాసుకుని పోయింది. బ్రెయిడ్‌కి మెలిక అంత స్పష్టంగా కనపడదు గానీ, జారిన కొస నువ్వు కత్తిరించినప్పుడు ఎలా ఉందో అలాగే నీటుగా ఉంటుంది, కాస్త వంకీలు మిగులుతాయి. రాసుకుని పోయినదైతే పోగులు లేచి కుచ్చులా ఉంటుంది.

పాశర్లపూడి_పిల్లోడు
నీటుగానే ఉందండి. చివర నాలుగైదు వంకీలు ఉన్నాయి.

గౌతమి_గట్టు
అయితే దారం తెగనే లేదు. ముడి విప్పుకుని వెళ్ళిపోయింది. 40 పౌండ్లది వేసినా క్లించ్ ముడి అలాగే జారుతుంది.

కారణం చెప్తా. క్లించ్ ముడి నైలాన్ కోసం పుట్టింది. నైలాన్ కాస్త సాగుతుంది, నొక్కితే కాస్త అణుగుతుంది, అందుకే చుట్లు ఒకదాన్నొకటి కరుచుకుంటాయి. బ్రెయిడ్ పాలిథిలిన్ పోగుల అల్లిక. డైనీమా, స్పెక్ట్రా అని పెట్టెల మీద రాసేది దీన్నే. జారుడు ఎక్కువ, సాగుడు దాదాపు లేదు. 5 చుట్ల క్లించ్ నీ చేతికి గట్టిగానే కనిపిస్తుంది. చేప తల విదిలించిన ప్రతిసారీ పోగు పోగు జరిగి, చివరికి కొస లోపలికి దూరి పోతుంది.

బ్రెయిడ్‌ని స్వివెల్‌కో గాలానికో నేరుగా కట్టాల్సి వస్తే పాలొమార్ కట్టు. దారాన్ని జానెడున్నర మేర రెండుగా మడిచి, ఆ మడతని కన్నులోంచి దూర్చు. మడతతో వదులుగా మామూలు ముడి ఒకటి వెయ్యి. ఇక్కడ రెండు పేటలూ పక్కపక్కన ఉండాలి, ఒకదాని మీద ఒకటి ఎక్కకూడదు. ఇప్పుడు గాలాన్ని ఆ మడత ఉచ్చులోంచి పూర్తిగా దాటించు. నీళ్ళతో తడుపు. కొస, మెయిన్ లైన్ (ముడికి రీల్ వైపున్న దారం) రెండూ కలిపి పట్టుకుని నిదానంగా లాగు. ఉచ్చు గాలం కన్ను దాటి అవతలికి, అంటే ముడి మీదకి వచ్చి కూర్చోవాలి. చాలామందికి ఉచ్చు కన్ను పక్కనే ఇరుక్కుపోతుంది. పైకి బాగానే కనిపిస్తుంది గానీ లోపల ఒక పేట మీదే బరువంతా పడుతుంది. అలా ఇరుక్కుంటే సర్దడానికి చూడకుండా కోసేసి మళ్ళీ కట్టాలి. కొస 3 మిల్లీమీటర్లు వదిలి కత్తిరించు.

బెండు_బాబాయ్
క్లించ్‌ని మరీ తీసిపారెయ్యకండి గట్టు గారూ. కాలవల్లో, చెరువుల్లో బొచ్చెకీ శీలావతికీ 0.25, 0.30 మి.మీ. మోనో వేసేవాళ్ళకి దాన్ని మించింది అక్కర్లేదు. దోషం ముడిది కాదు, కట్టే తీరుది. చుట్లు తిప్పేటప్పుడు చూపుడు వేలు పెట్టి కన్ను దగ్గర ఉచ్చు తెరిచి ఉంచాలి. 5 లేక 6 చుట్లు తిప్పి, కొసని కన్ను పక్కనున్న చిన్న ఉచ్చులోంచి తీసి, అప్పుడు ఏర్పడ్డ పెద్ద ఉచ్చులోంచి మళ్ళీ దూర్చాలి. ఈ రెండోసారి దూర్చడం మానేస్తే అది ఇంప్రూవ్డ్ క్లించ్ కాదు, ఉత్త క్లించే. బిగించాక చుట్లు వరసగా స్ప్రింగులా కనపడాలి. ఒక చుట్టు ఇంకోదాని మీదకి ఎక్కితే ఆ ఎక్కిన చోటే కోసుకుంటుంది.

ఇంకో సంగతి, 0.50 దాటిన దారానికి ఈ ముడి వద్దు. 5 చుట్లు తిప్పితే బిగవదు, 3 తిప్పితే జారుతుంది. పిల్లోడి లీడర్ 40 పౌండ్లది కదా, అది ఆ వాటంలోనే ఉంటుంది. రెండో వైపూ ప్రమాదమే.

ఎదుర్లంక_పోటు
అసలు స్వివెల్ ఎందుకండీ అక్కడ? రొయ్య ఎర గిరగిరా తిరిగేది కాదు. స్వివెల్ రాడ్ కొసన గైడ్‌లోకి (దారం నడిచే రింగులోకి) రాదు, కాబట్టి లీడర్ మీటరుకి మించి పెట్టలేరు. చేప వంతెన కాళ్ళ మధ్య దూరితే మీటరు ఏ మూలకి? స్వివెల్ తీసేసి దారానికి దారమే కలపండి. అప్పుడు రెండు మీటర్ల లీడర్ పెట్టుకున్నా ముడి గైడ్‌లలోంచి లోపలికి వచ్చేస్తుంది.

గట్టు మీద తీరిగ్గా కూర్చుని కట్టుకునేటట్టయితే ఎఫ్‌జీ ముడి. దీనికి బ్రెయిడ్ బిగువుగా ఉండటమే ప్రాణం. రాడ్ ఆనించి, బ్రెయిడ్ కొసని ఎడమ చేతి చిటికెన వేలికి నాలుగు చుట్లు చుట్టి లాగి పట్టుకోండి. లీడర్ కొసని ఆ బిగువు బ్రెయిడ్ మీద ఒకసారి పైనుంచి, ఒకసారి కిందనుంచి అడ్డంగా అల్లుకుంటూ పోవాలి. లీడర్ తిన్నగానే ఉంటుంది, బ్రెయిడ్ దాని చుట్టూ అటూ ఇటూ గొలుసులా పడుతుంది. మొత్తం 20 అల్లికలు చాలు. అప్పుడు బ్రెయిడ్ కొసతో లీడర్‌నీ మెయిన్ లైన్‌నీ కలిపి ఒక సగం ముడి వేసి ఆపండి. తడిపి, మెయిన్ లైన్ ఒక చేత్తో, లీడర్ ఇంకో చేత్తో పట్టుకుని గట్టిగా లాగండి. చేతికి గుడ్డ చుట్టుకోండి, ఉత్త చేత్తో లాగితే బ్రెయిడ్ వేలు కోస్తుంది. అల్లిక లీడర్‌లోకి కరుచుకున్నప్పుడు బ్రెయిడ్ రంగు ఒక్కసారిగా ముదురుతుంది. రంగు మారలేదంటే ముడి పడనట్టే, ఎన్ని సగం ముళ్ళేసినా జారుతుంది. రంగు మారాకే లీడర్ కొసని మొదలంటా కత్తిరించి, మెయిన్ లైన్ మీద మరో 4 నుంచి 6 సగం ముళ్ళు, ఒకటి ఇటు ఒకటి అటు వేసి ముగించండి.

బెండు_బాబాయ్
నావలో, గాలిలో, చీకట్లో నెత్తిన లైటు పెట్టుకుని ఇది కట్టమనండి చూద్దాం! డబుల్ యూని చాలదా?

ఎదుర్లంక_పోటు
చాలుతుంది. ఒప్పుకుంటాను. డబుల్ యూని బొద్దుగా ఉంటుంది, విసిరేటప్పుడు గైడ్‌లకి టక్కున తగులుతుంది, అంతే దాని లోటు. నావలో ఎఫ్‌జీ సగం సగం కట్టేకన్నా డబుల్ యూని శుభ్రంగా కట్టడం మేలు.

రెండు దారాల్నీ ఎదురెదురుగా పక్కపక్కన జానెడు మేర పెట్టాలి. లీడర్ కొసని వెనక్కి మడిచి ఉచ్చు చేసి, ఆ ఉచ్చులోంచే రెండు దారాల చుట్టూ 4 చుట్లు తిప్పి సగం బిగించాలి. బ్రెయిడ్ కొసతో అటువైపు అదే పని, కానీ 8 చుట్లు. బ్రెయిడ్ సన్నం, జారుడు కాబట్టి దానికి రెట్టింపు. తరవాత తడిపి మెయిన్ లైన్‌నీ లీడర్‌నీ చెరోవైపుకి లాగితే రెండు ముళ్ళూ జరుగుతూ వచ్చి ఒకదానికొకటి ఆనుకుంటాయి. ఆనుకున్నాక కొసలు కూడా విడివిడిగా లాగి చూడాలి. చుట్లు రెండువైపులా 5, 5 అని తిప్పేవాళ్ళు ఉన్నారు, జారేది వాళ్ళవే.

నర్సాపురం_రేవు
ముడి సంగతి తేలింది. లీడర్ సంగతి ఎవరూ ఎత్తలేదు. పండుగొప్పకి వంజరంలా కోర పళ్ళు ఉండవు. దవడల్లో ఆకురాయిలాంటి సన్న పళ్ళుంటాయి, మొప్ప మూత అంచు మాత్రం బ్లేడే. ఎగిరి తల విదిలించినప్పుడల్లా ఆ అంచు లీడర్‌ని రాస్తుంది. చించినాడ వంతెన కాళ్ళయినా, మడ వేళ్ళయినా, పాత రేవు మెట్లయినా నీళ్ళలో మునిగిన భాగమంతా గుల్లే. కాబట్టి లీడర్‌ని బలం చూసి కాదు, మందం చూసి కొనాలి. 0.60 మి.మీ. కన్నా సన్నం వద్దు. ఇరుకు చోట 0.70. ఒకే మందంలో రెండు రకాలు ఉంటే కాస్త గట్టిగా ఉన్నది తీసుకోండి, మెత్తటిది తొందరగా గీరుకుంటుంది.

చేప దిగిన ప్రతిసారీ లీడర్ చివరి మూరెడు పెదాల మధ్యో, గోటి మీదో జరిపి చూడండి. వేలి కొసకి తెలియని గీత పెదవికి తెలుస్తుంది. చిన్న గరుకు తగిలినా అక్కడికి కోసి మళ్ళీ కట్టడమే.

పాశర్లపూడి_పిల్లోడు
అన్నయ్యా, 0.70 దారానికి గాలం ఏ ముడితో కట్టాలి? బిగవట్లేదు.

నర్సాపురం_రేవు
బతికున్న ఎరకైతే జారని ఉచ్చు ముడి కట్టు. గాలం ఉచ్చులో ఊగుతూ ఉంటుంది, రొయ్య హాయిగా కదులుతుంది. లూర్‌కి (బొమ్మ ఎరకి) కూడా ఇదే.

కొస నుంచి జానెడున్నర దూరంలో వదులుగా ఒక మామూలు ముడి వెయ్యి, బిగించకు. కొసని గాలం కన్నులోంచి తీసి, ఆ వదులు ముడిలోంచి వెనక్కి దూర్చు. ముడి నుంచి కొస ఏ వైపు బయటికి వచ్చిందో ఆ వైపు నుంచే మళ్ళీ లోపలికి వెళ్ళాలి, ఇది తప్పితే ముడి బలం పోతుంది. తరవాత మెయిన్ లైన్ చుట్టూ చుట్లు తిప్పి, మళ్ళీ అదే వైపు నుంచి వదులు ముడిలోకి దూర్చి తడిపి లాగు. చుట్ల సంఖ్య దారాన్ని బట్టి. 10 పౌండ్ల లోపు సన్న దారానికి 7, 12 పౌండ్లదానికి 5, 15 నుంచి 40 దాకా 4, ఆపైన 3. లావు దారానికి ఎక్కువ చుట్లు తిప్పితే బలం పెరగదు, బిగువు కుదరదు. ఉచ్చు చిటికెన గోరంత ఉంటే చాలు. చివర గాలాన్ని గట్టు మేకుకో నావ కొక్కేనికో తగిలించి, కొసని ప్లయర్‌తో పట్టి లాగి ముగించు. 0.70ని చేతి వేళ్ళతో బిగించడం అయ్యే పని కాదు.

మడ_పీత
తడపడం గురించి అందరూ ఒక ముక్క అని వదిలేశారు. పొడిగా లాగితే చుట్టుకీ చుట్టుకీ రాపిడి పుట్టి ఆ వేడికే నైలాన్ కందిపోతుంది. మెరుపు పోయి తెల్లటి మచ్చ పడుతుంది. అక్కడి నుంచే తెగుతుంది. బ్రెయిడ్ ఇంకా సుకుమారం, నైలాన్ 220 డిగ్రీలు దాటితే గానీ కరగదు, ఈ పాలిథిలిన్ 150 డిగ్రీల లోపే కరుగుతుంది. అందుకే కొసని లైటర్‌తో కాల్చి గుండు చేసేవాళ్ళు ముడి దాకా సెగ తగలనివ్వకూడదు. అసలు కాల్చకపోతే ఇంకా మంచిది. ఉమ్మా, నీళ్ళా అని వాదన అనవసరం, రెండూ ఒకటే. ఒండ్రు నీళ్ళు మాత్రం వద్దు, ఇసక రేణువు ముడిలో ఇరుక్కుంటే లోపల్నుంచి కొరుకుతుంది.

ఫెవిక్విక్ చుక్క వేస్తే గట్టిపడుతుందని కొందరంటారు. గట్టిపడుతుంది నిజమే, బిరుసెక్కి ముడి అంచు దగ్గర దారం ఒకే చోట వంగుతుంది. అక్కడే పోతుంది.

కొత్తపేట_కాలవ
ఫ్లోరోకార్బన్ లీడర్ నీళ్ళలో కనపడదంట కదండీ? మోనో కన్నా మూడింతల రేటు చెబుతున్నారు. కొనొచ్చా?

మడ_పీత
ఎక్కడ వేస్తారో దాన్ని బట్టి. కాంతిని వంచే గుణం నీళ్ళకి 1.33, ఫ్లోరోకి 1.42, నైలాన్‌కి 1.53 పైన. కాబట్టి నీళ్ళకి ఫ్లోరో దగ్గర, తక్కువ కనిపిస్తుంది. అయితే గోదావరిలో ఎర్రనీరు తిరిగిన రోజుల్లో వేసిన చెయ్యి నీళ్ళలో కనపడదు. జులై నుంచి అక్టోబరు దాకా దానికి పెట్టే డబ్బు ఏటిపాలే. వరద తగ్గి నీళ్ళు తేరుకున్నాక, చలికాలంలో ధవళేశ్వరం దిగువనో, మొగ దగ్గర పోటు నీళ్ళు తేటగా ఉన్నప్పుడో కాస్త ప్రయోజనం.

రెండో గుణం బరువు. నీళ్ళని 1 అనుకుంటే బ్రెయిడ్ 0.97, తేలుతుంది. నైలాన్ 1.14, మెల్లగా దిగుతుంది. ఫ్లోరో 1.78, చక్కగా మునుగుతుంది. నేల మీద ఎర ఆడించేవాళ్ళకి అది లాభం, నీటి పైన కప్ప లూర్ లాగేవాళ్ళకి నష్టం. ఎండకీ నీళ్ళకీ ఫ్లోరో చెడదు, నైలాన్ చెడుతుంది. ఇబ్బందల్లా ముడి దగ్గరే. ఫ్లోరో బిరుసు, కాబట్టి చుట్లు సర్దుకోవు. దాంతో క్లించ్ కట్టి నమ్మకండి. యూని (డబుల్ యూనిలో ఒక వైపు ముడి) కట్టి, మామూలుకి రెట్టింపు నిదానంగా బిగించండి.

కోటిపల్లి_రేవు
పెట్టె మీద అంకెల గురించి ఒక మాట. పిల్లోడు 20 పౌండ్లు అంటున్నది 9 కిలోలన్నమాట. అది నిజంగా 9 కిలోలు ఆగుతుందా? చవక దారాల పెట్టెల మీద బలం ఎక్కువ రాస్తారు, మందం తక్కువ రాస్తారు. ఇంట్లోనే తేల్చుకోవచ్చు.

మోనో మందానికి పెన్సిల్ చాలు. దారాన్ని పెన్సిల్ మీద సందు లేకుండా, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా 20 చుట్లు చుట్టి, ఆ వెడల్పుని పిల్లల స్కేలుతో కొలిచి 20తో భాగించండి. 8 మిల్లీమీటర్లు వస్తే దారం 0.40. పెట్టె మీద 0.30 అని ఉండి 7 మిల్లీమీటర్లు వచ్చిందంటే 0.35 దారాన్ని 0.30 పేరుతో అమ్మారు. బ్రెయిడ్ చదునై పోతుంది కాబట్టి దానికి ఈ లెక్క కుదరదు.

మందం తెలిస్తే బలం అంచనా వేయొచ్చు. మంచి నైలాన్ మోనో 0.30 అయితే 6, 7 కిలోలు. 0.40కి 10 నుంచి 12. 0.50కి 16 నుంచి 18. 0.60కి 22 నుంచి 26. మందం రెట్టింపైతే బలం నాలుగింతలు అవుతుంది, అడ్డకోత వైశాల్యం అలా పెరుగుతుంది కాబట్టి. 0.30 మోనో మీద 15 కిలోలు అని రాసి ఉంటే ఆ పెట్టె అక్కడే పెట్టేసి రండి.

బలానికి బకెట్. దారాన్ని దూలానికి కట్టి, కింద కొసకి మీ గాలం మీ ముడితోనే కట్టి, ఖాళీ బకెట్ తూచి తగిలించి, లీటరు చెంబుతో మెల్లగా నీళ్ళు పొయ్యండి. లీటరుకి కిలో. బకెట్ నేలకి నాలుగు వేళ్ళ ఎత్తులోనే ఉండాలి, గాలం ఎగిరి కళ్ళలో పడకుండా కాస్త దూరంగా నిలబడాలి. దూలం వైపు ముడి కట్టకుండా, నున్నటి గొట్టానికి ఏడెనిమిది చుట్లు చుట్టి కొస కట్టేస్తే అటువైపు బలం తగ్గదు, తెగితే ఇటు ముడి దగ్గరే తెగుతుంది. పరీక్షకి ముందు దారాన్ని ఓ రెండు గంటలు నీళ్ళలో నానబెట్టండి. నైలాన్ నీళ్ళు పీల్చి కాస్త బలం తగ్గుతుంది, చేప పడేది తడి దారానికే కదా. అంతర్జాతీయ గేమ్ ఫిష్ సంఘం కూడా రికార్డులకి దారాన్ని తడిపే పరీక్షిస్తుంది.

రెండు ముళ్ళలో ఏది మేలో తేలాలంటే ఇంకా తేలిక. రెండడుగుల దారం తీసుకుని రెండు కొసలకీ రెండు గాలాలు, రెండు రకాల ముళ్ళతో కట్టి లాగండి. ఏది ముందు పోతే అది ఓడింది. ఐదుసార్లు చెయ్యండి, ఒక్కసారి లెక్కలోకి రాదు.

కొల్లేటి_కొరమేను
గుర్రపుడెక్కలో, తూటికాడల్లో కొరమేనుకి కప్ప లూర్ వేసేవాళ్ళకి పై లెక్కలేవీ అక్కర్లేదు. 50 పౌండ్ల బ్రెయిడ్, లీడర్ లేకుండా నేరుగా పాలొమార్. నాచుని బ్రెయిడ్ కోసుకుంటూ వస్తుంది, మోనో చిక్కుకుంటుంది. లూర్ పెద్దదైతే పాలొమార్ ఉచ్చు దాటించడానికి మడత జానెడున్నర చాలదు, రెండు జానలు పెట్టండి.

బెండు_బాబాయ్
డ్రాగ్ (చేప గుంజితే రీల్ దారం వదిలే బిగువు) సంగతి కూడా రాసెయ్యండి ఎవరైనా. ముడి ఎంత మంచిదైనా డ్రాగ్ బిగదీసి కూర్చుంటే ఏం లాభం?

నర్సాపురం_రేవు
మొత్తం సరంజామాలో బలహీనమైన దారం ఎంత ఆగుతుందో అందులో నాలుగో వంతు నుంచి మూడో వంతు. 9 కిలోల బ్రెయిడ్‌కి రెండున్నర, మూడు కిలోలు. వేలాడే కాటాకి దారం తగిలించి, రాడ్ వంచి లాగితే రీల్ దారం వదలడం మొదలయ్యే అంకె అదీ. రాడ్ వంచకుండా రీల్ దగ్గరే చేత్తో దారం లాగి చూస్తే తక్కువ చూపిస్తుంది, గైడ్‌ల రాపిడి లెక్కలోకి రాదు. వంతెన కాళ్ళ దగ్గరైతే మూడున్నర దాకా పోవచ్చు, పండుగొప్ప మొదటి ఊపులోనే స్తంభం చుట్టేస్తుంది కాబట్టి.

గౌతమి_గట్టు
డ్రాగ్ సరిగ్గానే ఉండి కూడా చేప పడగానే దారం ఊరికే వెళ్ళిపోతోందంటే స్పూల్ (రీల్‌లో దారం చుట్టే భాగం) చూడండి. బ్రెయిడ్‌ని నేరుగా నున్నటి లోహపు స్పూల్‌కి కడితే దారం కట్ట మొత్తం స్పూల్ మీద గుండ్రంగా జారుతుంది. నాబ్ ఎంత తిప్పినా డ్రాగ్ పనిచేయనట్టే ఉంటుంది. ముందు ఐదారు మీటర్ల మోనో చుట్టి, దానికి డబుల్ యూనితో బ్రెయిడ్ కలపండి. స్పూల్ అంచుకి 2 మిల్లీమీటర్లు తగ్గేదాకానే నింపాలి. నిండా పోస్తే విసిరినప్పుడు చుట్లు గుంపుగా దూకి గాలి ముడులు పడతాయి. ఆ చిన్న ముడిని చూసీ చూడనట్టు వదలకండి, ఒక్క మామూలు ముడి దారం బలంలో దాదాపు సగం తినేస్తుంది. విసిరాక బెయిల్ తీగని (రీల్ మీద దారాన్ని పట్టే వంకీ తీగని) రీల్ తిప్పి కాకుండా చేత్తో మూసి, దారాన్ని ఒకసారి బిగువుగా లాగి అప్పుడు తిప్పితే గాలి ముడులు చాలా తగ్గుతాయి.

పాశర్లపూడి_పిల్లోడు
సర్కిల్ గాలం (మొన లోపలికి వంగినది) వాడితే కూడా ఆ ఉచ్చు ముడేనా అండి?

ఎదుర్లంక_పోటు
కట్టొచ్చు. కానీ జెల్లకీ వాలుగకీ సర్కిల్ గాలం వేసేటప్పుడు కాడ చుట్టూ కట్టే స్నెల్ ముడే సరైనది. దారాన్ని గాలం మొన ఉన్న వైపు నుంచి కన్నులోకి దూర్చాలి. వెనక నుంచి దూరిస్తే లాగినప్పుడు గాలం తప్పు వైపుకి తిరుగుతుంది, మొన చేప నోటి మూలకి పోదు. జానెడు కొసని కాడ వెంబడి పెట్టి, వెనక్కి మడిచి ఉచ్చు చేసి, ఆ ఉచ్చులోంచి కాడనీ దారాన్నీ కలిపి 7 చుట్లు తిప్పి, తడిపి, కొస లాగి, తరవాత మెయిన్ లైన్ లాగాలి. చుట్లు కన్ను అంచుకి అర సెంటీమీటరు కింద మొదలై వరసగా ఉండాలి. కన్ను తీగ సరిగ్గా మూసుకోని చవక గాలాల్లో ఆ సందు అంచు దారాన్ని కోస్తుంది, కొనేటప్పుడు వెలుగుకి పెట్టి చూసుకోండి. కన్ను లేకుండా తల చదునుగా ఉండే గాలాలకి కూడా ఇదే ముడి, దూర్చే పని తప్ప.

వేదిక_నిర్వాహకులు
చర్చ బాగుంది, సాగనివ్వండి. రెండు విన్నపాలు. కోరంగి అభయారణ్యం లోపల అనుమతి లేకుండా గాలం వేయకండి, ఆ ప్రదేశాల గురించి ఇక్కడ రాయకండి. కోసి పారేసిన దారం ముక్కలు నీళ్ళలో వేయొద్దు, మడలో నీటిపిల్లుల కాళ్ళకీ కొంగల కాళ్ళకీ చుట్టుకుంటున్నాయి. ఒక ఖాళీ సీసాలో వేసుకుని ఇంటికి తీసుకెళ్ళండి.

పాశర్లపూడి_పిల్లోడు
చాలా చెప్పారు, ధన్యవాదాలండి. స్వివెల్ తీసేస్తున్నాను. డబుల్ యూని, 0.60 లీడర్ రెండు మీటర్లు, ఉచ్చు ముడి. బ్రెయిడ్ 20 పౌండ్లదే ఉంచనా?

గౌతమి_గట్టు
ఉంచు. కాకపోతే రీల్ మీద ముందున్న పది మీటర్లు చేతిలో జరిపి చూడు. పోగులు లేచిన చోట కోసెయ్. సగం స్పూల్ పాడైందంటే దారం తిరగేసి చుట్టుకో, లోపలి సగం కొత్తదే. ఉప్పునీళ్ళలో వాడిన రోజు మంచినీళ్ళతో కడిగి నీడలో ఆరబెట్టు. మోనో లీడర్ చుట్టని బండి పెట్టెలో ఎండకి వదిలెయ్యకు, అది ఏడాదికి మించి నమ్మకు.

ఓడలరేవు_వల
మొగలో వంజరం కూడా పడుతుంది. లీడర్ 0.70 ఉన్నా కోసేస్తుంది. దానికేమిటి?

నర్సాపురం_రేవు
దానికి మోనో పని లేదు, స్టీల్ తీగే. ఏడు పోగుల మెత్తటి తీగ 30 సెంటీమీటర్లు, 30 పౌండ్లది చాలు. తీగకి ముడి కట్టకూడదు. గాలం కన్నులోంచి తీసి, రాగి గొట్టపు స్లీవ్‌లోకి తిరిగి దూర్చి, క్రింపింగ్ ప్లయర్‌తో మధ్యలో ఒక నొక్కు, చివర ఇంకో నొక్కు. స్లీవ్ అంచు మీద నొక్కితే ఆ అంచే తీగని కోస్తుంది, ఒక మిల్లీమీటరు వదిలి నొక్కండి. తీగ మెలికపడి వంకర తిరిగితే సరిచెయ్యడానికి చూడకుండా మార్చెయ్యండి. అటు కొసకి చిన్న స్వివెల్, స్వివెల్‌కి లీడర్ యూనితో. వంజరానికి మాత్రం స్వివెల్ ఉండాలి, నల్లది దొరికితే మంచిది. తళతళలాడే స్వివెల్‌ని అది ఎర అనుకుని కొరికి, తీగకి పైన లీడర్‌నే తెంపుతుంది.